గుడ్డు ముట్టని అమ్మ, పందికొవ్వు లేని ఎగ్ టార్ట్

హాంగ్‌కాంగ్‌లో ఉంటూ ఎగ్ టార్ట్, అంటే చిన్న గుల్లలో గుడ్డు, పాలు, పంచదార కలిపి పోసి కాల్చేది, ఇంట్లో చేసుకునేవాళ్ళు తక్కువ. ఇక్కడి ఫ్లాట్లలో ఒవెన్ పెట్టుకునే చోటే ఉండదు. పైగా వీధి చివరి బేకరీలో ఏడెనిమిది హాంగ్‌కాంగ్ డాలర్లు పెడితే అప్పుడే తీసిన వేడి టార్ట్ దొరుకుతుంది. అలాంటప్పుడు ఎవరు మాత్రం పిండి పిసుక్కుంటూ కూర్చుంటారు? మేం కూర్చోవడానికి కారణం పందికొవ్వు.

ఇక్కడ ఎగ్ టార్ట్ రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకదాని గుల్ల వెన్న బిస్కెట్‌లా మెత్తగా విరుగుతుంది. రెండోదాని గుల్ల పొరలు పొరలుగా ఉండి, కొరికితే ఒళ్ళంతా రాలుతుంది. ఈ పొరల గుల్లకి పాతకాలం నుంచీ వాడేది పందికొవ్వు. మా పాపకి ఇష్టమైంది సరిగ్గా ఆ రెండోదే. ఇంట్లో కోడి, మేక, చేప తింటాం గానీ పంది ముట్టం. పక్కింటి మామ్మగారు ఓ రోజు లిఫ్టులో, మా చేతిలో బేకరీ డబ్బా చూసి, "పందికొవ్వుతో చేస్తేనే ఆ వాసన, ఇప్పుడు సగం మంది మానేశారు" అని ఆ కాలాన్ని తలుచుకుని బాధపడింది. మనవరాలు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పేసరికి నేనూ మా ఆయనా మొహమొహాలు చూసుకున్నాం. అప్పటికి ఎన్నేళ్ళుగా తింటున్నామో. "తెలీక తిన్నది తిన్నట్టు కాదులే" అన్నారాయన. సరే, తెలిశాక ఏం చేయాలి? పాప మానదు. బేకరీకి వెళ్ళిన ప్రతిసారీ "ఇందులో ఏ కొవ్వు?" అని అడిగే కాంటొనీస్ నాకు రాదు.

సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చింది. 2024 నవంబర్ 9, శనివారం దిగింది. మన పాస్‌పోర్టు వాళ్ళు ముందుగా ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుంటే వీసా లేకుండా 14 రోజులు ఉండనిస్తారు. అంటే 22కల్లా తిరుగు ప్రయాణం. ఆవిడ ఇక్కడున్నన్ని రోజులూ కార్తీకమాసమే. నీచు సరేసరి, ఉల్లిపాయ కూడా ముట్టదు. అలాంటావిడని పెట్టుకుని గుడ్డుతో చేసే వంటకం మొదలుపెట్టడమేమిటని మీకు అనిపించొచ్చు, మా ఆయనకీ అనిపించింది. కానీ మాది మండపేట. తాపేశ్వరం కూతవేటు దూరం. అమ్మ మడత కాజా చేతిలో పుట్టినట్టు చేస్తుంది. పొరలు విడదీయడం తెలిసిన మనిషి ఇంట్లో ఉన్నది ఆ పద్నాలుగు రోజులే. ఆ అవకాశం వదులుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

వచ్చిన మర్నాడు ఆదివారం సెంట్రల్ అనే ప్రాంతంలో లిండ్‌హర్స్ట్ టెర్రస్ వీధికి తీసుకెళ్ళాం. అక్కడి తై చియాంగ్ బేకరీ టార్ట్‌లంటే చివరి బ్రిటిష్ గవర్నర్ క్రిస్ పాటన్ పడి చచ్చేవాడని పేరు. అక్కడిది వెన్న గుల్ల రకం. అమ్మ తినలేదు. పాప చేతిలో దాన్ని పట్టుకుని వెలుతురుకి పెట్టి చూసింది, వేలితో అంచు నొక్కింది, "లోపలిది జున్నులా ఉందే" అంది. అక్కడి నుంచి ఎగ్ టార్ట్ మా ఇంట్లో 'గుడ్డు జున్ను' అయిపోయింది.

సామాన్ల కోసం సోమవారం షాంఘై స్ట్రీట్‌కి వెళ్ళాం. మేముండే వాంపోవా స్టేషన్ నుంచి యౌ మా తే రెండో స్టేషనే. ఆ వీధిలో వరసాగ్గా వంటసామాన్ల దుకాణాలు: వెదురు ఆవిరిబుట్టలు, మూకుళ్ళు, మూన్‌కేక్ చెక్క అచ్చులు, మనిషి నడుమంత ఎత్తు గిన్నెలు. అమ్మకి తిరుపతి వెళ్ళినంత ఆనందం. టార్ట్ కప్పులు రెండు రకాలు కనిపించాయి. పారేసే అల్యూమినియం రేకు కప్పులు చవక, పాతిక కలిపి పదిహేను డాలర్లు. కానీ బొటనవేలితో పిండి అదిమేటప్పుడు ఆ రేకు వంగిపోతుంది. ఏటవాలు గోడలు, ముడతల అంచు ఉన్న దళసరి టిన్నులు ఒక్కోటి నాలుగు డాలర్లు. అమ్మ ఒక్కో టిన్నూ గోటితో మోగించి చూసి డజను ఏరింది, వేళ్ళు చూపించి బేరమాడి మొత్తమ్మీద మూడు డాలర్లు తగ్గించింది. ఆ వీధిలో బేరం కుదురుతుందని ఇన్నేళ్ళుండీ నాకు తెలీదు. అక్కడే ఒవెన్‌లో పెట్టుకునే చిన్న థర్మామీటరు కూడా కొన్నాను, నలభై డాలర్లు. మొత్తం ఖర్చులో అన్నిటికన్నా పనికొచ్చింది అదే. ఎందుకో కిందకి వస్తే తెలుస్తుంది.

నెయ్యి కోసం చిమ్ షా చుయ్‌లో చుంకింగ్ మాన్షన్స్‌కి పోవాలి. మన కిరాణా ఏది కావాలన్నా చివరికి చేరేది అక్కడికే. పిండి దగ్గర మాత్రం కాస్త ఆగాల్సి వచ్చింది. మన దగ్గర మైదా అంటే మైదానే, ఒకటే రకం. ఇక్కడి సూపర్‌మార్కెట్లో జిగురు తక్కువది, మధ్యరకం, ఎక్కువది అని మూడు రకాలు. గుల్లకి జిగురు తక్కువ పిండే కావాలి. అమ్మ సలహా మీద పైపొరకి కాస్త మధ్యరకం కలిపాం, అది సాగాలి కాబట్టి. పాలు డబ్బాపాలు, ఎవాపొరేటెడ్ మిల్క్. ఇక్కడి టీ దుకాణాల్లో చిక్కటి పాలటీకి పోసేది కూడా అదే. పక్క అరలోనే తియ్యటి కండెన్స్‌డ్ మిల్క్ ఉంటుంది. డబ్బాలు చూడ్డానికి కవల పిల్లలు. మీద రాసింది చదువుకుని తీసుకోండి.

మంగళవారం, 12వ తేదీ, ముందు లోపలి జున్ను సంగతి తేల్చుకుందామని సులువైన వెన్న గుల్లతో మొదలుపెట్టాం. ఆ గుల్లలో పెద్ద విద్యేం లేదు: మెత్తబడ్డ వెన్న, పొడి పంచదార, పిండి కలిపి ముద్ద చేసి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, టిన్నుల్లో అదమడమే. కథంతా గుడ్డు దగ్గర ఉంది. అమ్మ నియమాలు ముందే పెట్టేసింది. గుడ్డుకి గిన్నె వేరు, గరిటె వేరు, కడిగే పీచు కూడా వేరు, దేవుడి అలమర ఉన్న వైపు గట్టు మీద గుడ్డు పెట్టకూడదు. మా వంటగదిలో ఉన్న గట్టే రెండు జానలు. కాబట్టి గుడ్ల పని మొత్తం వాషింగ్ మెషీన్ మీద జరిగింది.

220 మిల్లీలీటర్ల వేడినీళ్ళలో 100 గ్రాముల పంచదార కరిగించి పూర్తిగా చల్లారనివ్వాలి. ఈ చల్లారడానికే ముప్పావుగంట. వేడిమీద గుడ్డు పోస్తే పొరటు తయారవుతుంది. మూడు గుడ్లు, ఒక పచ్చసొన, నురగ రాకుండా గిలకొట్టి, 80 మిల్లీలీటర్ల డబ్బాపాలు, నాలుగు చుక్కల వెనీలా, ఆ పంచదార నీళ్ళు కలపాలి. తర్వాత వడకట్టాలి, ఒకసారి కాదు, రెండుసార్లు. తెల్లసొనలో తాడులాంటి జిగట ముక్కలు జల్లెట్లో మిగిలిపోతాయి. నీచు వాసనలో సగం అక్కడే పోతుంది. మిగతా సగం డబ్బాపాల కాగిన వాసన కింద అణిగిపోతుంది. పచ్చిపాలు పోసి చేస్తే రంగు బానే వస్తుంది గానీ వాసన దాగదు. పైన తేలే బుడగల్ని టిష్యూ కాగితం మూలతో అంటించి తీసేయాలి. ఒక్క బుడగ మిగిలినా కాలాక అది గుంటగా కనిపిస్తుంది.

మాది టేబుల్ మీద పెట్టుకునే చిన్న ఒవెన్. 200 డిగ్రీలకి తిప్పి, ఇరవై నిమిషాలు పెట్టాను. పదమూడో నిమిషంలో అన్నీ ఒక్కసారిగా ఉబ్బి గోపురాల్లా లేచాయి. పాప చప్పట్లు కొట్టింది. బయటికి తీసిన రెండు నిమిషాలకి అన్నీ కూలబడి, పైన ముడతలు పడ్డాయి. కోస్తే లోపల సన్నసన్న కన్నాలు, అడుగున నీరు. రుచికి తియ్యటి ఆమ్లెట్టే. పైన అక్కడక్కడా నల్ల మచ్చలు. "మకావు రకం అనుకుందాం" అన్నారు మా ఆయన. మకావులో కోలోన్ దగ్గర ఆండ్రూ స్టో అనే ఇంగ్లీషాయన 1989లో బేకరీ పెట్టి పేరు తెచ్చిన పోర్చుగీసు తరహా టార్ట్‌కి ఆ మచ్చలే అందం. హాంగ్‌కాంగ్ రకానికి మాత్రం ఒక్క మచ్చ కూడా ఉండకూడదు, పసుప్పచ్చగా అద్దంలా మెరవాలి.

ఒకటి తీసుకెళ్ళి పక్కింటి మామ్మగారికి చూపించాను. తినలేదు, చూసింది. తర్వాత నన్ను వాళ్ళ వంటింట్లోకి లాక్కెళ్ళి, అలమర తలుపు పట్టుకుని రెండు వేళ్ళ సందు తెరిచి చూపించింది. ఉబ్బడం మొదలవగానే ఒవెన్ తలుపు అంత సందు తెరిచిపెట్టాలట. మనవరాలు స్కూలు నుంచి వచ్చాక మిగతాది చెప్పించుకున్నాను. గుల్లకి గట్టి వేడి కావాలి, గుడ్డుకి మెత్తటి వేడి కావాలి. ఈ రెండూ ఒకే టిన్నులో ఉన్నాయి. ముందు పది పన్నెండు నిమిషాలు గుల్ల మాట వినాలి, ఆ తర్వాత గుడ్డు మాట. గుడ్డు ఎనభై ఎనభై అయిదు డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది. అది దాటి వేడి తగిలితే లోపలి నీటిని పిండేసి బయటికి తోస్తుంది. ఆ కన్నాలూ ఆ నీరూ అదే. అప్పుడే థర్మామీటరు ఒవెన్లో పెట్టి చూశాను. చక్రం మీద 200 అని పెడితే లోపల 170 కూడా లేదు. మళ్ళీ పై కడ్డీ దగ్గర మాత్రం మాడిపోతోంది. చిన్న ఒవెన్ ఉన్నవాళ్ళు చక్రం మీద అంకెల్ని నమ్మకండి.

13 రాత్రి పదకొండు దాటాక ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. తుఫాను తోరాజీ, ఎనిమిదో నంబరు హెచ్చరిక. 1946 నుంచి ఉన్న రికార్డుల్లో నవంబర్లో ఎనిమిదో నంబరు ఎగరెయ్యడం అదే మొదటిసారి. 14 ఉదయం స్కూల్ లేదు. మా ఆయనది షేర్ల పని. ఇదివరకైతే ఆయనకీ సెలవే వచ్చేది గానీ, సెప్టెంబర్ నుంచి తుఫానులో కూడా మార్కెట్ మూయడం మానేశారు. ఇంట్లో ఉన్నది ఒకటే బల్ల. దాని మీద ఎడమవైపు ఆయన రెండు తెరలు, కుడివైపు అమ్మ, అప్పడాల కర్ర, పిండి. మధ్యలో తువ్వాలు చుట్టి హద్దు పెట్టాం. ఆయన ఫోన్లో మాట్లాడుతుంటే అమ్మ కర్ర ఆపేసేది, ఫోన్ పెట్టగానే మళ్ళీ మొదలుపెట్టేది.

పొరల గుల్లకి రెండు ముద్దలు. నీళ్ళముద్ద: 150 గ్రాముల పిండి, 75 మిల్లీలీటర్ల చల్లటి నీళ్ళు, చిటికెడు ఉప్పు, చెంచా పంచదార, చెంచాడు నెయ్యి. ఇక్కడి పద్ధతిలో ఇందులో గుడ్డు కూడా వేస్తారు. అమ్మ చెయ్యి పెట్టాలంటే గుడ్డు ఉండకూడదు కాబట్టి తీసేశాం. దాంతో లోటేమీ రాలేదు, రంగు కాస్త తగ్గిందంతే. నెయ్యిముద్ద: 140 గ్రాముల పిండి, 110 గ్రాముల గట్టి నెయ్యి. వెన్న కాకుండా నెయ్యి వాడటం అమ్మ పట్టు. నేను మొదట వద్దన్నాను గానీ ఆలోచిస్తే ఆవిడన్నదే సరైంది. వెన్నలో ఆరో వంతు దాకా నీళ్ళుంటాయి. పందికొవ్వులో నీళ్ళు లేవు, నెయ్యిలోనూ లేవు. పందికొవ్వు చేసే పని అచ్చంగా నెయ్యి చేస్తుంది. మడత కాజాలో పొరల మధ్య నెయ్యీ వరిపిండీ రాసేది కూడా అందుకే, పొర పొరకి అంటుకోకుండా.

నీళ్ళముద్దని పలచగా చేసి, మధ్యలో నెయ్యిముద్ద పెట్టి, నాలుగు పక్కలా కవరులా మూసి, పొడుగ్గా వత్తి, మడత. మళ్ళీ అరగంట ఫ్రిజ్. మళ్ళీ వత్తి, మడత, మళ్ళీ అరగంట. ఇక్కడి కొన్ని దుకాణాలు తమ గుల్లకి 192 పొరలని చెప్పుకుంటాయి. మూడుసార్లు నాలుగేసి మడతలు, ఒకసారి మూడు మడతలు వేస్తే లెక్క సరిపోతుంది. మేం అంత దూరం పోలేదు. నాలుగు మడతలు రెండుసార్లు, మూడు మడతలు ఒకసారి వేసి ఆపేశాం. అంతకు మించితే నెయ్యి పొరలు మరీ పలచనై పిండిలో కలిసిపోతున్నాయని అమ్మ వేళ్ళతోనే కనిపెట్టింది.

నెయ్యికి ఒక చిక్కుంది, అది ఎక్కడా ఎవరూ చెప్పలేదు. ఫ్రిజ్ నుంచి తీయగానే రాయిలా ఉంటుంది, వత్తితే లోపల పెళుసుగా పగిలి, పైపొర చిరుగుతుంది. పది నిమిషాలు బయట పెడితే చక్కగా సాగుతుంది. పావుగంట దాటితే కారిపోతుంది. ఆ రోజు బయట జోరువాన, గాలిలో చెమ్మ. ఏసీ పెట్టి, స్వెట్టర్లు వేసుకుని పిండి వత్తాం. నవంబర్లో ఏసీ బిల్లు అదనం, రాసుకోండి. వెన్నైతే కాస్త ఓపిగ్గా ఉంటుంది, నెయ్యి ఉండదు. ఉదయం తొమ్మిదిన్నరకి మొదలుపెడితే గుల్లలు టిన్నుల్లోకి చేరేసరికి రెండున్నర. పనంతా కలిపి గంటే, మిగతాది ఫ్రిజ్ తలుపు వైపు చూస్తూ కూర్చోవడం. ఆ మధ్యలో హెచ్చరిక మూడో నంబరుకి దిగిపోయింది కూడా, మేమెవరం గమనించలేదు.

ఇంకో చిన్న సంగతి. పొరల పిండిని గుండ్రంగా కోసేటప్పుడు పదునైన అంచుతో ఒక్క నొక్కుడులో కోయాలి. గ్లాసు అంచుతో తిప్పుతూ కోస్తే పొరలు అంచు దగ్గర ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఇక విచ్చుకోవు. టిన్నులో అదిమేటప్పుడు కూడా అడుగునే నొక్కాలి, కోసిన అంచుని వేలితో తాకకూడదు. పాపకి ఈ పని ఇచ్చి నేను పక్కన కాపలా కూర్చున్నాను.

ఆ రోజు పొరలు విచ్చుకున్నాయి. అంచులు పుస్తకం తెరిచినట్టు లేచాయి. తలుపు సందు తెరిచి పెట్టడంతో గుడ్డు కూడా నున్నగా వచ్చింది. కానీ అడుగు పచ్చి. పైన అంత అందంగా ఉండి, టిన్నులోంచి తీస్తే అడుగు తెల్లగా తడితడిగా చేతికి అంటింది. పాప మాత్రం అంచులు కొరుక్కుని తిని మధ్యది వాళ్ళ నాన్నకి ఇచ్చింది.

మిగిలిన పిండి ముక్కల్ని అమ్మ పారేయనివ్వలేదు. వేరే పళ్ళెంలో పరిచి, పంచదార, యాలకులపొడి చల్లి, ఒవెన్ కడిగించి మరీ కాల్పించింది. గుడ్డు లేదు, పందికొవ్వు లేదు, అన్నీ తనకి చెల్లేవే. సాయంత్రం దీపం పెట్టుకుని వచ్చి తింది. "ఇది కాజాయే కదే, వేయించలేదంతే." ఆవిడ ఆ రోజు మొదటిసారి ఎగ్ టార్ట్ పనిని తన పనిగా ఒప్పుకుంది.

15న కార్తీక పౌర్ణమి. ఇంట్లో గుడ్డు మాటే లేదు. అమ్మ ఉపవాసం ఉండి, మండపేట నుంచి తెచ్చుకున్న 365 వత్తుల కట్ట వెలిగిస్తానంది. పొగకి మోగే అలారం ఫ్లాట్లో నెత్తి మీదే ఉంది. కిటికీలన్నీ తీసి, మా ఆయన ఒక ఫైలు పట్టుకుని అలారం కింద విసురుతూ నిలబడ్డారు. ఎగ్ టార్ట్‌కి దీనికీ సంబంధం లేదు, కానీ ఆ వారం గుర్తొస్తే నాకు ముందు కనిపించేది ఆయన ఆ ఫైలుతో విసరడమే.

ఆదివారం, 17న, అన్నీ కుదిరాయి. ముందు రోజు రాత్రే గుల్లలు చేసి టిన్నులతో సహా ఫ్రిజ్‌లో పెట్టేశాం. అలా చేస్తే మర్నాడు పని గంటలో అయిపోతుంది, గుల్ల కాలేటప్పుడు ముడుచుకుపోదు కూడా. అడుగు పచ్చిదనానికి మందు ఖాళీ పళ్ళెం. ఇనప పళ్ళాన్ని ఒవెన్‌లో అన్నిటికన్నా కింది అరలో పెట్టి, థర్మామీటరు 210 చూపించే దాకా పావుగంట కాల్చాను. టిన్నులు ఆ కాలిన పళ్ళెం మీద పెట్టడం, పెట్టగానే 'సుయ్' మన్న చప్పుడు. జున్ను టిన్నుకి ముప్పాతిక మించి పోయలేదు. మొదట పన్నెండు నిమిషాలు పై కడ్డీ ఆపేసి కింది కడ్డీ మాత్రమే. తర్వాత 180కి తగ్గించి రెండూ. అంచు దగ్గర జున్ను కాస్త పైకి లేవగానే తలుపు సందులో చెక్క గరిటె అడ్డం పెట్టాను. అక్కడి నుంచి ఏడెనిమిది నిమిషాలు, కళ్ళు తిప్పకుండా.

అయిందో లేదో చూడ్డానికి రెండు గుర్తులు. పళ్ళెం మెల్లిగా కదిపితే జున్ను అంచు కదలకూడదు, నడిమధ్య రూపాయి బిళ్ళంత మేర మాత్రం వణకాలి. మొత్తం వణికితే ఇంకా ఉంది, అసలు వణక్కపోతే దాటిపోయింది. రెండోది పక్కింటి మామ్మగారిది: టూత్‌పిక్ మధ్యలో గుచ్చితే పడిపోకుండా నిలబడాలి. దాంతో ఒక టార్ట్‌కి కన్నం పడుతుంది, దాన్ని మా ఆయనకి కేటాయించాం. తీశాక పది నిమిషాలు టిన్నులోనే ఉంచాలి. అప్పటిదాకా లోపల గట్టిపడుతూనే ఉంటుంది. తొందరపడి తిరగేస్తే గుల్ల ఒక చేతిలోకి, జున్ను ఇంకో చేతిలోకి వస్తాయి.

మామ్మగారికి రెండు పంపలేదు, పిలిచాం. వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఒకటి చేతిలోకి తీసుకుని ముందు తిరగేసి అడుగు చూసింది. గోధుమరంగులో ఉంది. తల ఊపింది. తర్వాత ఒక అంచు విరిచి వాసన చూసి, పందికొవ్వా అని అడిగింది. నెయ్యి డబ్బా చూపించాను. మూత తీసి లోపలికి ముక్కు పెట్టి, మొహం చిట్లించింది. తిన్నది మాత్రం రెండు. నెయ్యి వాసన ఎక్కువైంది, గుడ్డుని కప్పేస్తోంది అని తీర్పు. నిజమే. ఎర్రగా కాగిన కమ్మటి నెయ్యి మన నాలుకకి బాగుంటుంది గానీ దీంట్లో అది మీద పడుతుంది. అప్పటి నుంచి తెల్లగా తేలిగ్గా కాచిన నెయ్యి వాడుతున్నాను. ఆ తర్వాత మామ్మగారూ అమ్మా కూర్చుని, ఒకరి భాష ఒకరికి రాకుండానే, చేతులతో మడతలు వేసి చూపించుకుంటూ అరగంట మాట్లాడుకున్నారు. అమ్మ చుట్ట చుట్టి కోసేది చూపిస్తే ఆవిడ కాదు కాదని అడ్డంగా మడిచేది చూపించింది.

డబ్బుల లెక్క అడిగేవాళ్ళకి: టిన్నులు, థర్మామీటరు కలిపి ఎనభై అయిదు డాలర్లు, అవి మళ్ళీ మళ్ళీ పనికొస్తాయి. ఒక డజనుకి నెయ్యి, గుడ్లు, పిండి, పాలు, పంచదార అన్నీ కలిపి నలభై డాలర్లకి అటూఇటూ, కరెంటు కాక. బేకరీలో డజను కొంటే తొంభై. మిగులుతుందని మాత్రం ఎవరూ మొదలుపెట్టకండి, ఒక పూట మొత్తం పోతుంది. కాల్చిన రోజే తినాలి. ఫ్రిజ్‌లో పెడితే పొరలు మెత్తబడతాయి. మర్నాడు తినాల్సి వస్తే 150 డిగ్రీల్లో ఏడెనిమిది నిమిషాలు ఒవెన్‌లోనే వేడిచేయాలి. మైక్రోవేవ్‌లో పెడితే గుల్ల తోలులా సాగుతుంది. గుల్లలు మాత్రం పచ్చివే టిన్నులతో డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు, మేం నెల దాకా ఉంచి చూశాం, బాగానే వచ్చాయి.

22న అమ్మ వెళ్ళిపోతూ డజను టిన్నుల్లో ఆరు పెట్టెలో వేసుకుంది. డిసెంబర్ మొదటివారంలో, కార్తీకం దాటాక, ఫోన్ చేసింది. తమ్ముడింట్లో ఓటీజీ, అంటే బల్ల మీద పెట్టుకునే ఒవెన్, ఉంది, నెయ్యికి కొదవ లేదు, డబ్బాపాలే దొరకడం లేదని. డబ్బాపాలంటే నీళ్ళు ఇగరబెట్టిన పాలే కాబట్టి, పావులీటరు చిక్కటి పాలని సన్నటి సెగ మీద కలుపుతూ వంద మిల్లీలీటర్లకి దింపి, చల్లార్చి, మీగడ కట్టకుండా వడకట్టమన్నాను. మన మైదా ఒక్కటే వాడుతుంది కాబట్టి నాలుగో వంతు తీసేసి కార్న్‌ఫ్లోర్ కలపమన్నాను. ఓటీజీ తలుపుకి అడ్డం పెట్టడానికి గరిటె వద్దు, అట్లకాడ చాలు.

మర్నాడు ఫొటో వచ్చింది. పొరలు నావాటికన్నా బాగా విచ్చుకున్నాయి, ఒప్పుకోక తప్పదు. అప్పుడు మొదటిసారి ఆవిడ ఎగ్ టార్ట్ తింది. ఎలా ఉందమ్మా అంటే, "నీచు వాసన రాలేదు, నోట్లో పెడితే కరిగిపోయింది, తీపి మాత్రం చాల్లేదే. ఈసారి పైన పాకం పోసి చూస్తాను" అంది.